అంబాసిడర్ మ్యానిఫోల్డుల మరమ్మతు: విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ వర్క్స్ పనితనం

మా ఇంట్లో నాన్నగారి కాలం నుంచి ఉన్న 1977 నాటి అంబాసిడర్ మార్క్ 3 కారుకు ఇన్‌టేక్ మ్యానిఫోల్డు (సిలిండర్లకు గాలి, పెట్రోలు పంచే గొట్టాల పోత), ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు (కాలిన పొగను సైలెన్సర్‌కు చేర్చే పోత) రెండింటినీ ఈ వేసవికి ముందు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని ఒక చిన్న లేత్ వర్క్స్‌లో బాగుచేయించాను. ఆ షాపు పేరు రాయవద్దని యజమాని కోరారు. చేతిలో ఉన్న పనికే మనుషులు చాలడం లేదని ఆయన చెప్పిన కారణం. పేరు లేని సమీక్ష ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పాత కారు ఉన్నవారు ఈ పనిని ఏ ఊళ్లో, ఎవరి చేత చేయించుకున్నా, మేస్త్రి ఏ పని తరువాత ఏ పని చేస్తున్నాడో గమనించగలిగితే చాలు, డబ్బు వృథా అవుతున్నదో లేదో తెలిసిపోతుంది. నేను మొదటిసారి గమనించలేక నష్టపోయాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

జబ్బు మొదలైన తీరు ముందుగా చెప్పాలి. ఉదయం పూట చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే బానెట్ కింద నుంచి టిక్కు టిక్కుమని సన్నటి శబ్దం వచ్చేది. పది నిమిషాలు నడిచి ఇంజన్ వేడెక్కాక ఆ శబ్దం సగానికి సగం తగ్గిపోయేది. దీన్ని ట్యాపెట్ల (వాల్వులను కదిపే భాగాల) చప్పుడని భావించి మా ఊరి మెకానిక్ మూడుసార్లు ట్యాపెట్లు సరిచేశాడు. తరువాత ఐడ్లింగ్ (కారు నిలిచి ఉండగా ఇంజన్ నెమ్మదిగా తిరగడం) నిలకడ తప్పింది, గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమని పేలేది, కారు లోపల కూర్చున్నవారికి కళ్లు మండేవి. ఎగ్జాస్ట్ పొగ డాష్‌బోర్డు వెనుక రంధ్రాల గుండా లోపలికి వస్తున్నదని తెలిశాక ఇంట్లోవారిని ఎక్కించుకోవడం మానేశాను. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా ఆ పొగతోనే వస్తుంది. చివరికి ఒక పాత డ్రైవరు వెలిగించిన అగరుబత్తిని మ్యానిఫోల్డు అంచు వెంట మెల్లగా జరుపుతూ చూపించాడు: రెండు చోట్ల పొగ లోపలికి లాక్కుపోయింది, మరో చోట బయటికి చెదిరింది. పెట్రోలు ఇంజన్ పక్కన నిప్పు పట్టుకుని ఇలా పరీక్షించమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ రోజు నాకు అసలు విషయం అర్థమైంది దానివల్లనే.

ఈ ఇంజన్ కట్టుబడి తెలియకపోతే తరువాతి కథ అర్థం కాదు. అంబాసిడర్‌లోని 1489 సి.సి. పెట్రోలు ఇంజన్ ఇంగ్లండుకు చెందిన బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) సంస్థ బి-సిరీస్ నమూనా. ఇందులో గాలి లోపలికి పోయే దారులూ, పొగ బయటికి వచ్చే దారులూ హెడ్డుకు (సిలిండర్లను పైన మూసే దిమ్మెకు) ఒకే పక్కన ఉంటాయి. ఇన్‌టేక్ పోర్టులు రెండే. ఒక్కొక్క పోర్టు రెండేసి సిలిండర్లకు పంచుతుంది. ఎగ్జాస్ట్ పోర్టులు మూడు. చివరి సిలిండర్లకు చెరొకటి, మధ్యలోని 2, 3 సిలిండర్లకు కలిపి ఒకటి. రెండు సిలిండర్ల మంట ఒకే దారిన పోవడం వల్ల ఆ మధ్య కొమ్మ మిగిలినవాటికంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డు పైన, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు కింద ఉండి, మధ్యలో రెండూ బోల్టులతో అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు దగ్గర ఎగ్జాస్ట్ వేడి ఇన్‌టేక్ అడుగుకు తగిలి పెట్రోలును ఆవిరి చేయడానికి ఉపయోగపడుతుంది. చలి దేశంలో పుట్టిన ఏర్పాటు అది. మే నెలలో మన కృష్ణా జిల్లాలో దాని అవసరం ఎంతో నాకైతే సందేహమే. అసలు సంగతి స్టడ్ల (హెడ్డులో నాటి ఉండే మరల) దగ్గర ఉంది. కొన్ని స్టడ్ల మీద ఉండే వెడల్పాటి వాషరు సగం ఇన్‌టేక్ చెవి (బిగింపు కోసం పక్కకు పొడుచుకొచ్చిన భాగం) మీద, సగం ఎగ్జాస్ట్ చెవి మీద కూర్చుంటుంది, అంటే ఒకే నట్టు రెండు మ్యానిఫోల్డులనూ హెడ్డుకు అదిమిపెడుతుంది. ఆ రెండు చెవుల మందం ఒకటిగా లేకపోతే వాషరు వాలిపోతుంది. మందంగా ఉన్నది గట్టిగా పట్టుకుంటుంది, పలచనిది వదులుగా ఉండిపోతుంది.

ఆటోనగర్‌కు వెళ్లకముందు మా ఊళ్లోనే ఒకచోట ఈ పని చేయించాను. వారు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డును మాత్రమే విప్పదీసి, దాని మీద కనబడిన పగులుకు మామూలు ఇనుప రాడ్డుతో వెల్డింగు పూసి, గాస్కెట్ (హెడ్డుకూ మ్యానిఫోల్డుకూ మధ్య సందు మూసే పలచటి పొర) కూర్చునే ముఖాన్ని గ్రైండరుతో చదును చేసి, రెండు గంటల్లో చేతికిచ్చారు. పదిహేను రోజులు బాగానే ఉంది. తరువాత వెల్డింగు పక్కనే, దానిని ఆనుకుని, కొత్త పగులు వచ్చింది. శబ్దం మునుపటికంటే పెరిగింది. గ్రైండరు పట్టడంతో ఎగ్జాస్ట్ చెవులు పలచబడ్డాయి, ఇన్‌టేక్ చెవులు మునుపటి మందంలోనే మిగిలాయి. కొత్త గాస్కెట్ వేసి నట్లు ఎంత బిగించినా ఎందుకు కారుతున్నదో నాకు అప్పట్లో తెలియలేదు. ఇంకా బిగించబోయి ఒక స్టడ్డు విరగ్గొట్టుకున్నాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

కొత్త మ్యానిఫోల్డు కొనవచ్చు కదా అని చాలామంది అన్నారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ ఉత్పత్తి 2014లోనే ఆగిపోయింది. మార్కెట్లో దొరికే నకలు పోతలు ఉన్నాయి. నేను చూసిన ఒకదానిలో పోర్టు రంధ్రాలు గాస్కెట్ రంధ్రాలకు ఒక పక్కకు జరిగి ఉన్నాయి, లోపల పోత ఇసుక అలాగే అంటుకుని ఉంది. పాత అసలు పోతను బాగుచేయించుకోవడమే మేలనిపించి, రెండు మ్యానిఫోల్డులనూ గోనెసంచిలో చుట్టి, గుడివాడలో బస్సెక్కి ఆటోనగర్ చేరాను.

లారీ బాడీలు కట్టే షెడ్లు దాటాక, లోపలి వీధిలో ఉంది ఈ షాపు. రెండు లేత్‌లు, ఒక పాత మిల్లింగ్ మెషీన్, మూలన ఇటుకలతో కట్టిన బొగ్గుల కుంపటి, ముగ్గురు మనుషులు. అరవై దాటిన యజమానిని అందరూ మేస్త్రి గారనే పిలుస్తారు. సంచి విప్పగానే ఆయన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డును తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టారు. గంటలా మోగవలసినది పగిలిన కుండలా పలికింది. “ఒక్క పగులు కాదండీ, ఇంకోటి ఉంది,” అన్నారు. డీజిలుతో కడిగి, ఆరబెట్టి, కొమ్మల లోపల కిరోసిను పోసి, వెలుపల సుద్దపొడిని నీళ్లలో కలిపి పూశారు. సుద్ద ఆరిన పావుగంటకు తెల్లటి పూత మీద వెంట్రుక మందాన నల్లటి గీత ఒకటి తేలింది. అది మధ్య కొమ్మ నుంచి సైలెన్సర్ పైపు బిగించే చోటు దాకా పాకి ఉంది; మా కంటికి అంతవరకూ కనబడనే లేదు. ఇదే పరీక్షను ఇన్‌టేక్ అడుగున, ఎగ్జాస్ట్ వేడి తగిలే చోట కూడా చేశారు. అక్కడ పగులు ఉంటే కాలిన పొగ తిరిగి ఇంజన్ పీల్చే గాలిలో కలుస్తుందని, అప్పుడు కార్బురేటర్‌ను ఎన్నిసార్లు సరిచేసినా ఐడ్లింగ్ కుదరదని చెప్పారు. అదృష్టవశాత్తు అక్కడ ఏమీ లేదు.

తరువాత స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఉక్కు పట్టీ) ఆనించి, ఫీలర్ గేజ్ (కొలత తెలిసిన పలచటి రేకులు)తో సందులు కొలిచి, ఆ కొలతలను సుద్దతో చెవుల మీదే రాశారు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు రెండు చివరలూ విల్లులా వంగి, మధ్యభాగం హెడ్డుకు ఆనితే చివరలలో 0.65 మిల్లీమీటర్ల సందు ఉంది. అంతటి సందును ఏ గాస్కెట్టూ పూడ్చలేదు. స్టడ్ల రంధ్రాలు కూడా ఒక పక్కకు కోలగా అరిగి ఉన్నాయి. దానికి కారణం అడిగాను. బీడు ఇనుము ఏళ్ల తరబడి ఎర్రగా కాగి చల్లారుతూ ఉంటే కొద్ది కొద్దిగా పెరిగి శాశ్వతంగా పొడవవుతుంది. ఇనుముతో కలిసి ఉన్న కార్బన్ ఆ వేడికి విడిపోయి గ్రాఫైట్‌గా మారడం వల్ల ఈ పెరుగుదల వస్తుంది. ఆయన ఈ మాటల్లో చెప్పలేదు. “బీడు కూడా ముసలిదై పెరుగుద్దండీ,” అన్నారంతే.

నేను ఆ రోజే మిల్లింగ్ చేసి ఇచ్చేయమని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. వెల్డింగు చేసి, పూర్తిగా చల్లారాక, మళ్లీ కొలిచి అప్పుడే ముఖం కోయాలని, ముందు కోస్తే వెల్డింగు వేడికి మళ్లీ వంగిపోయి రెండోసారి కోయవలసి వస్తుందని, కోసిన ప్రతిసారీ చెవి పలచబడుతుందని చెప్పారు. మా ఊళ్లో జరిగిన పొరపాటు ఏమిటో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

వెల్డింగు జరిగిన రోజు నేను అక్కడే కూర్చున్నాను. పాత ఇనుప వెల్డింగును ముందు గ్రైండ్ చేసి పూర్తిగా తీసేశారు. పగులు రెండు కొసల దగ్గరా 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రాలు వేశారు. పగులు ఆ గుండ్రటి రంధ్రాన్ని దాటి ముందుకు పాకదు. పగులు పొడవునా గాడి తీసి, గ్యాస్ మంటతో లోపల ఇంకిన నూనెను కాల్చేశారు. బీడులో కార్బన్ ఎక్కువగా ఉండడం వల్ల, చల్లటి ముక్కకు ఒక్కచోట వెల్డింగు వేడి పెట్టి వదిలేస్తే, వేడి తగిలిన అంచు గాజులా పెళుసుబారి చల్లారేటప్పుడు పగిలిపోతుంది. మా మొదటి వెల్డింగు పక్కనే పగులు రావడానికి కారణం ఇదే. నికెల్ రాడ్డుతో ఆర్క్ వెల్డింగు చేయడం ఒక మార్గమని, అలా అయితే అంగుళం కంటే పొడవు వేయకుండా, వేసిన ప్రతి ముక్కనూ వేడిగా ఉండగానే సుత్తితో సన్నగా కొట్టుకుంటూ పోవాలని చెప్పారు. అయితే పగులు పొడవుగా, అత్యంత వేడి చోట ఉంది కాబట్టి, మొత్తం మ్యానిఫోల్డును బొగ్గుల కుంపటిలో మసక ఎరుపు వచ్చేదాకా కాచి, బీడు కడ్డీతోనే గ్యాస్ వెల్డింగు చేస్తే అతుకూ అసలు లోహమూ ఒకే తీరుగా వ్యాకోచిస్తాయని ఆయన నిర్ణయించారు. ఇత్తడి అతుకు మాత్రం ఎగ్జాస్ట్‌కు పనికిరాదని, వేడిలో దాని బలం తగ్గిపోతుందని అన్నారు. పని పూర్తి కాగానే ముక్కను ఎర్రగా ఉండగానే పొడి బూడిదలో పాతిపెట్టి, పైన గోనె కప్పి, మర్నాటి మధ్యాహ్నం దాకా ఎవరినీ తాకనివ్వలేదు. తీసినప్పుడు కూడా అది చేతికి వెచ్చగానే ఉంది.

అసలు పనితనం నాకు మిల్లింగ్ మెషీన్ దగ్గర కనిపించింది. వంగిన మ్యానిఫోల్డును బల్ల మీద పెట్టి క్లాంపులతో బలంగా బిగిస్తే అది తాత్కాలికంగా తిన్నబడుతుంది; అప్పుడు కోసిన ముఖం బల్ల మీద అద్దంలా ఉంటుంది, క్లాంపులు వదలగానే మళ్లీ విల్లులా లేస్తుంది. ఇది జరగకుండా ఆయన ప్రతి క్లాంపు కింద ఖాళీ ఎంత ఉందో చూసి, అంత మందం ఉన్న రేకు ముక్కలను అక్కడ దూర్చారు. డయల్ గేజ్ ముల్లును పక్కనే ఆనించి, క్లాంపు బిగిస్తున్నప్పుడు ముల్లు కదిలితే ఆపి, రేకు మార్చి, మళ్లీ బిగించారు. కోత పది నిమిషాల్లో అయిపోయింది. అమరిక మాత్రం గంటన్నర పట్టింది. ఈ గంటన్నరకు విలువ కట్టగల మేస్త్రికే మ్యానిఫోల్డు ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం.

అంతకుముందే ఇంకో పని జరిగింది. షాపులో పనికిరాని పాత అంబాసిడర్ హెడ్డు ఒకటి ఉంది. రెండు మ్యానిఫోల్డులనూ మధ్య అతుకు బోల్టులు వదులుగా ఉంచి ఆ హెడ్డు మీద కూర్చోబెట్టి, రెండూ తమంత తాము ముఖానికి ఆనాక అతుకు బోల్టులు బిగించి, అలా జంటగా విప్పి మెషీన్ మీదికి ఎక్కించారు. ఐదు పోర్టుల ముఖాలూ ఒకే కోతలో, ఒకే తలంలోకి వచ్చాయి. తరువాత ప్రతి చెవి మందాన్నీ మైక్రోమీటరుతో కొలిస్తే, ఒకే వాషరు పంచుకునే చోట్ల ఇన్‌టేక్ చెవి ఎగ్జాస్ట్ చెవి కంటే 0.9 మిల్లీమీటర్లు మందంగా ఉంది. వాషరు కూర్చునే వెనుక వైపున మందపు చెవులను కోసి, తేడాను 0.05 మిల్లీమీటర్లకు లోపలికి తెచ్చారు. కోలగా అరిగిన రంధ్రాలను అలాగే ఉంచారు. పెరిగిన బీడుకు ఆ ఖాళీ అవసరమేనట. విరిగిన స్టడ్డు హెడ్డులో ఉంది కాబట్టి దాన్ని తీయడానికి వారి కుర్రవాడు మా ఇంటికే వచ్చి, డ్రిల్లు చేసి, థ్రెడ్ ఇన్సర్ట్ (రంధ్రంలో కొత్త మరచుట్లు) వేసి వెళ్లాడు. కార్బురేటర్ కూర్చునే ముఖం కూడా కొద్దిగా వంగి ఉంటే సరిచేశారు.

ఖర్చు విషయానికి వస్తే, వెల్డింగుకు 2,800, మిల్లింగుకు, చెవుల పనికి కలిపి 2,400, స్టడ్డు పనికి రానుపోను ఛార్జీలతో 1,200, మొత్తం 6,400 రూపాయలు తీసుకున్నారు. మా ఊళ్లో 900 రూపాయలకు చేశారు. పనిని చూశాక ఈ ధర ఎక్కువని నేను అనలేను.

మెచ్చుకోలేని విషయాలు కూడా ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది; మూడుసార్లు ఫోను చేస్తే రెండుసార్లు ఎవరూ ఎత్తలేదు. రాసిన బిల్లు ఇవ్వలేదు. చేతికిచ్చే ముందు అడగకుండానే మామూలు వెండి రంగు పూశారు. మొదటిసారి ఇంజన్ వేడెక్కగానే అది పొక్కులు లేచి కమురు వాసనతో కాలిపోయింది. అన్నిటికంటే తీవ్రమైనది ఇంకొకటి. ఇంటికి తెచ్చి ఇన్‌టేక్ మ్యానిఫోల్డును తలకిందులు చేసి తడితే, కోతలో రాలిన బీడు పొడి అర చెంచాడు కిందపడింది. కార్బురేటర్ కింద ఉన్న ఆ దారి నేరుగా సిలిండర్లలోకి పోతుంది. నేను చూడకుండా బిగించి ఉంటే ఆ పొడి వాల్వుల మీద, సిలిండర్ గోడల మీద ఏం చేసేదో చెప్పనక్కరలేదు. కోతలో 0.05 మిల్లీమీటర్ల తేడా కోసం అంత శ్రమపడిన మనిషి, చివరికి గాలి గొట్టంతో ఊది శుభ్రం చేసే రెండు నిమిషాలను మరిచిపోవడం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఫోనులో చెబితే ఆయన నొచ్చుకున్నారు, సాకులు చెప్పలేదు.

బిగింపు నేనే చేసుకున్నాను. లోపలంతా కిరోసినుతో రెండుసార్లు కడిగి, కొత్త గాస్కెట్‌ను ఏ పేస్టూ పూయకుండా పొడిగా వేశాను. ఆయన చెప్పిన వరుసలోనే, మధ్య అతుకు బోల్టులు వదులుగా ఉంచి, హెడ్డు వైపు నట్లను నడుమ నుంచి చివరలకు మూడు విడతలుగా 15 పౌండ్-అడుగుల దాకా బిగించి, ఆ తరువాతే అతుకును బిగించాను. ఇనుప నట్లకు బదులు ఇత్తడి నట్లు వాడాను. అవి తుప్పుపట్టి స్టడ్డును పట్టుకోవు, పదేళ్ల తరువాత విప్పేవాడికి తేలిగ్గా వస్తాయి. మొదటి రోజు వేడెక్కించి, రాత్రంతా చల్లారనిచ్చి, ఉదయాన్నే మళ్లీ చూస్తే రెండు నట్లు పావు చుట్టు తీసుకున్నాయి. వారం తరువాత చూస్తే ఏదీ కదల్లేదు.

నాలుగు నెలలుగా, సుమారు 1,900 కిలోమీటర్లు తిరిగాక రాస్తున్నాను. చల్లటి స్టార్టులో ఆ టిక్కు టిక్కు లేదు. ఐడ్లింగ్‌లో మునుపు 13 అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గర వణుకుతూ ఉండే, ఇన్‌టేక్‌లోని పీల్పును కొలిచే వాక్యూమ్ గేజ్ ముల్లు ఇప్పుడు 18 దగ్గర నిలబడుతున్నది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పేలుళ్లు ఆగిపోయాయి. వెల్డింగు చోట అద్దం పెట్టి నెలకొకసారి చూస్తున్నాను. పూతలేని బీడు మీద సన్నటి తుప్పు తప్ప గీత ఏదీ కనిపించలేదు.

ఇటువంటి పనికి వెళ్లేవారు మ్యానిఫోల్డులతో పాటు పాత గాస్కెట్‌నూ, స్టడ్లనూ, ముఖ్యంగా ఆ వెడల్పాటి వాషర్లనూ సంచిలో వేసుకుని వెళ్లండి. పాత గాస్కెట్ మీద ఎక్కడెక్కడ మసి పట్టిందో చూసే మేస్త్రి సగం జబ్బు చెప్పేస్తాడు. వాషర్లు ఇంట్లో మరచిపోయి వెళ్లిన నేను, చెవుల పని జరిగే రోజున వాటికోసం మళ్లీ గుడివాడ బస్సెక్కవలసి వచ్చింది.